నిలబడి తిన్నది లెక్కలోకి రాదు

మొన్న మంగళవారం క్లాసులో ఉండగా నా ఫోను మోగింది. క్లాసులో ఫోను మోగితే పిల్లల్ని నేనెలా చూస్తానో వాళ్ళకి బాగా తెలుసు. ఆ చూపే క్లాసు క్లాసంతా నా మీదికి తిప్పింది. బల్ల చాటున పెట్టుకుని చూశాను. "మధ్యాహ్నం భోజనం ఇంకా రాయలేదు. ఏం తిన్నారు?" అని ఇంగ్లీషులో అడుగుతోంది. పక్కనే గుండ్రటి చట్రంలో మా మావయ్య ఫొటో.

పాత ఫోను పాడైపోతే కొత్తది కొన్నాను. దాన్లోని సరుకంతా దీన్లోకి ఎక్కించిన షాపువాడు ఈ యాప్‌ని కూడా ఎక్కించాడన్నమాట. తిన్న తిండికి కేలరీల లెక్క కట్టే యాప్ అది. మావయ్య కోసం నా మెయిలుతోనే తెరిచాం. మావయ్య పోయి ఏడాది దాటింది. ఆ కబురు దానికి ఎవరూ చెప్పలేదు పాపం.

క్లాసు అయ్యేదాకా బోర్డు మీద ఏవో కెమిస్ట్రీ సమీకరణాలు రాశాను, అవి సరిగ్గా ఉన్నాయో లేదో దేవుడికే తెలియాలి. తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని కాసేపు ఏడ్చాను, ఆ పైన నవ్వుకున్నాను. మావయ్యని తలుచుకున్నప్పుడు ఈ రెండూ వస్తాయి. మామూలుగా అయితే నవ్వు ముందొస్తుంది.

ఆయన మా అమ్మకి అన్నయ్య. గవర్నర్‌పేటలో ఒక పెద్ద బట్టల కొట్లో చీరల కౌంటరు ఆయనది. అది ఉద్యోగం. అసలు పని వడ్డన. కంకిపాడు నుంచి అవనిగడ్డ దాకా తెలిసినవాళ్ళింట్లో పెళ్ళయితే చాలు, మావయ్య నడుముకి కండువా బిగించి నేతి గిన్నె పట్టుకుని పంక్తిలో తిరుగుతూ కనిపించేవాడు. ఎవరూ పిలిచి అప్పగించేవారు కాదు, ఎవరూ వద్దనేవారూ కాదు. కేటరింగులు వచ్చాక కూడా అంతే. తెల్ల చేతితొడుగులు వేసుకుని వాళ్ళు చెంచాతో నెయ్యి చిలకరిస్తుంటే చూడలేక, "ఇటివ్వండి బాబూ, జలుబు చేసిందా దానికి" అని గిన్నె లాక్కునేవాడు.

ఆయన ఎవరి మొహమూ చూసేవాడు కాదు. వంగి, విస్తరి వంకే చూసేవాడు. "మొహం చూసి వడ్డించకూడదే అమ్మలూ. మనిషి మొహం అబద్ధాలు చెబుతుంది. పప్పన్నం అయిపోయిందా, ఇంకా ముద్ద మిగిలుందా, విస్తరి చెబుతుంది" అని నాకు నేర్పబోయాడు. నాకు రాలేదు.

'చాలు' అన్న మాట ఆయన చెవికి ఆనేది కాదు. చాలన్నవాడికి ఒక గరిటె, వద్దన్నవాడికి రెండు. ఒక్కసారి వడ్డించి వదిలేస్తే శత్రువుకి పెట్టినట్టని ఆయన నమ్మకం. కొంతమంది విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టేవారు. మావయ్య వాళ్ళతో వాదించేవాడు కాదు. గరిటె పట్టుకుని, కులాసాగా కబుర్లు చెబుతూ అక్కడే నిలబడేవాడు. ఎంతసేపని చేతులు అడ్డం పెట్టుకుంటారు? తినడానికైనా తియ్యాలి కదా. తీసీ తియ్యగానే పూర్ణం పడేది. కొట్లోనూ ఇదే వరస. "కొనకపోతే పోయారమ్మా, చూడ్డానికేం" అంటూ మంగళగిరి చీరలు ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోయేవాడు. ఒక చీర కోసం వచ్చినావిడ రెండు సంచులతో మెట్లు దిగేది, పైగా మావయ్యకి దణ్ణం పెట్టి మరీ.

అలాంటి మనిషికి 'ఇంత తిన్నాను' అని రాసుకోవలసిన అవసరం అమ్మ వల్ల వచ్చింది.

అమ్మకి కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున వెళ్ళిన మనిషి సాయంత్రం పటమటలో మా ఇంటి గుమ్మం దగ్గర ఆటో దిగేసరికి పిండేసిన గుడ్డలా ఉండేది. నాన్నకి సుగర్ కాబట్టి ఆయనది పనికిరాదన్నారు. నాది గ్రూపే కలవలేదు. మావయ్యవి అన్నీ కలిశాయి. డాక్టరు ఆ సంగతి చెప్పగానే మావయ్య కుర్చీలో ముందుకి జరిగి, "తీసేసుకోండి సార్, రెండున్నాయిగా. ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు. చీర ప్యాక్ చేసి ఇమ్మన్నంత తేలిగ్గా అడిగాడు. డాక్టరు ఆయన్ని కాటా ఎక్కమన్నాడు. నూట ఆరు చూపించింది. డాక్టరు కళ్ళజోడు తీసి, "తొంభై లోపుకి రండి, అప్పుడు మాట్లాడదాం. ఈ బరువుతో మీకు ప్రమాదం. మేం చెయ్యం" అన్నాడు.

మావయ్య మొహం మాడిపోయింది. ఇస్తానన్నదాన్ని వద్దన్నవాణ్ణి ఆయన జీవితంలో చూసి ఉండడు, చూసినా వినిపించుకుని ఉండడు.

అక్కడే డైట్ సలహాలిచ్చే అమ్మాయి ఉంది. నోట్లోకి వెళ్ళే ప్రతిదీ ఫోనులో రాయమంది. ఏ యాప్ అని నేనడిగితే, "ఏదైనా పర్లేదు మేడమ్, అంకుల్‌కి ఏది నచ్చితే అది" అంది. ఆ మాటతో వచ్చింది చిక్కంతా. ఒకటి చేతిలో పెట్టి 'ఇదీ' అని చెప్పి ఉంటే వాడేవాడు. నచ్చింది చూసుకోమంటే, మావయ్య దాన్ని సంబంధం చూడటం కింద తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తయ్యని వెంటబెట్టుకుని. అమ్మ మంచం మీద పడుకునుంది. హాల్లో కుర్చీలన్నీ ఆ మంచం చుట్టూ జరిపించాడు. "ఊ, ఒక్కొక్కణ్ణీ రమ్మను" అన్నాడు నాతో.

మొదటిది దూరదేశపు యాప్. లోకంలో దీన్నే ఎక్కువమంది వాడతారని రాసుంది. పప్పు అని కొడితే అది ఏదో సూపు చూపించింది. ఆవకాయ అంటే అలాంటి పదార్థం లేదంది.

"ఇల్లు గొప్పదే," అన్నాడు మావయ్య, "కానీ మనింటికొచ్చి పప్పు గ్లాసులో పోసుకుని తాగే రకంలా ఉన్నాడు. వద్దమ్మా."

రెండోది మన దేశానిదే. చపాతీలు, పనీరు బాగా తెలుసు దానికి. అన్నం అంటే 'ఎన్ని గిన్నెలు?' అని అడిగింది.

"ఏ గిన్నె?" అన్నాడు మావయ్య.

"ఏమో, మామూలు గిన్నె."

లేచి వంటింట్లోకి వెళ్ళి, ఉన్న గిన్నెలన్నీ తెచ్చి నేల మీద పరిచాడు. అందులో పెద్దది ఎత్తి ఫోనుకి చూపిస్తున్నట్టు పట్టుకున్నాడు.

"అది పులుసు కాచే గిన్నె అన్నయ్యా!" అంది అమ్మ.

"వాడు ఏ గిన్నో చెప్పలేదుగా మరి."

ఆ గిన్నెడు అన్నం రాసి చూశాం. తెరంతా ఎర్రబడింది. మావయ్య తల అడ్డంగా ఊపాడు. "తినేవాణ్ణి కోప్పడే ఇల్లు మనకెందుకే? తర్వాతివాణ్ణి పిలు."

మూడోది మాట్లాడే యాప్. ఎంత తియ్యగా మాట్లాడిందో చెప్పలేను. పేరు రాసినందుకు శభాష్ అంది, గ్లాసు నీళ్ళు తాగానంటే చప్పట్లు కొట్టింది. అత్తయ్య ముచ్చటపడిపోయి, "ఇది బావుందండీ, మర్యాదస్తురాలు" అంది. అంతలోనే ఏడాది చందా కడితే తప్ప ముందుకి పోనని మొరాయించింది.

"అయిందా!" అన్నాడు మావయ్య. "ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు, అప్పుడే లాంఛనాలు మొదలెట్టాడు వీడు."

అమ్మ నవ్వింది. మాటవరసకి నవ్వడం వేరు. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా, మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వింది. అమ్మ అలా నవ్వగా చూసి ఎంతకాలమైందో నాకు గుర్తు రాలేదు. మావయ్య ఆవిడ వంక చూడకుండా ఫోను వంకే చూస్తున్నాడు కానీ, ఆయన చెవులు ఎటున్నాయో నాకు తెలుసు.

నాలుగోది మామూలు యాప్. రంగులూ హంగులూ లేవు. గోంగూర తెలియదు, దప్పళం తెలియదు. కానీ 'దొరకలేదు, మీరే చేర్చండి' అని ఒక బటను ఉంది. తెలుగులో పేరు రాస్తే కాదనకుండా పెట్టుకుంది. ఏ సరుకు ఎన్ని గ్రాములు వేశామో చెబితే లెక్క అదే కట్టింది. మావయ్య కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వీడు మంచివాడమ్మా," అన్నాడు చివరికి. "తెలీనిది తెలీదని ఒప్పుకుంటున్నాడు. నేర్పితే నేర్చుకుంటానంటున్నాడు. ఖాయం చేసేద్దాం."

ఖాయం చేసిన శుభవేళ బెల్లంముక్క తెచ్చి అందరి నోట్లోనూ పెట్టాడు, అమ్మకి గోరంత. తను తినలేదు. అప్పటి నుంచీ ఆ యాప్ పేరు మా ఇళ్ళల్లో 'అల్లుడు' అయిపోయింది. "అల్లుడికి చెప్పారా?" అని అత్తయ్య అడిగేది, మావయ్య మజ్జిగ గ్లాసు దించగానే. అత్తయ్య చేసే ముక్కల పులుసూ, అమ్మ చేసే చింతచిగురు పప్పూ, అన్నీ అల్లుడికి నేర్పాం. నేను కాలేజీలో తూచే అలవాటు కొద్దీ వంటింటి కాటా ఒకటి కొనిచ్చాను.

మొదట్లో బాగానే దిగాడు. చొక్కాలు వదులయ్యాయి. కొట్లో స్టూలు మీద నుంచి ఆయాసం లేకుండా దిగుతున్నానని చెప్పాడు. తర్వాత ఎక్కడి బండి అక్కడ ఆగిపోయింది. ఎన్నిసార్లు హాస్పిటల్ కాటా ఎక్కినా తొంభై ఆరే. అల్లుడు మాత్రం 'మీరు తినాల్సినదానికంటే తక్కువే తింటున్నారు' అని రోజూ మెచ్చుకుంటున్నాడు. మావయ్యకి హాస్పిటల్ కాటా మీద అనుమానం వచ్చింది. కొట్టు పక్కనే ఉన్న బియ్యం హోల్‌సేలువాళ్ళ దగ్గరికి వెళ్ళి, బస్తాలు తూచే కాటా ఎక్కి నిలబడ్డాడు. రైల్వేస్టేషన్లో మిషను ఎక్కాడు. కాటాలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పాయి.

ఈలోగా అమ్మ చేతిలో డయాలసిస్‌కి సూది గుచ్చే నరం మూసుకుపోతూ వచ్చింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఎక్కువ కాలం ఇలా నడపలేమమ్మా. మీ మావయ్యగారి సంగతి రెండు నెలలు చూద్దాం. కుదరకపోతే వేరే దాతల కోసం పేరు రాయించండి. కానీ ఆ వరస ఎప్పటికి వస్తుందో నేను చెప్పలేను" అన్నాడు. ఆ మాట మావయ్యకి చెప్పాను. ఆ పూట అన్నం సగం చేశాడు. అయినా ముల్లు కదలలేదు.

ఆ వారంలోనే పామర్రు దగ్గర ఆయన స్నేహితుడి కూతురి పెళ్ళి. నేనూ వెంట వెళ్ళాను, కాపలాకి. మావయ్య పంక్తిలో నా పక్కనే కూర్చున్నాడు. కూర రెండు ముక్కలు, పిడికెడు అన్నం, పెరుగు లేదు, పూర్ణం లేదు. విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, అక్కడే నిలబడి అల్లుడికి అన్నీ రాశాడు. ఇంత కఠినంగా పథ్యం ఉంటున్న మనిషి ఎందుకు తగ్గడం లేదో నాకు అంతు చిక్కలేదు.

తర్వాత ఆయన నేతి గిన్నె అందుకోవడానికి వంటల దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. వంటమేస్త్రీ ఎదురొచ్చి, "రండి రండి, ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. మావయ్య అరచేతిలో పులిహోర వేయించుకున్నాడు. ఉప్పు చూశాడు. గారె ఒకటి తుంపి లోపల ఉడికిందో లేదో చూశాడు, మిగతాది పారేస్తే పాపం కదా, నోట్లో వేసుకున్నాడు. పూర్ణం మీద తోపు పిండి పలచగా వచ్చిందో లేదో చూశాడు. పెద్ద బాణలిలోది ఒకటి, చిన్న బాణలిలోది ఒకటి. దప్పళం దొప్పలో పోయించుకున్నాడు. ఇంతలో పంతులుగారు దేవుడికి పెట్టిన చక్రపొంగలి తెచ్చి ఇస్తే కళ్ళకద్దుకుని ఆరగించాడు. ఒక్కటీ రాయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "మావయ్యా, ఆ గారె రాశావా?"

"ఏ గారె?"

"వంట దగ్గర తిన్నావుగా. గారె, పూర్ణాలు, పొంగలి."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తినడమేంటే? అది రుచి చూడటం. నిలబడి నోట్లో వేసుకున్నది తిండెలా అవుతుంది?"

"ప్రసాదం?"

"ప్రసాదానికి లెక్క రాస్తారటే! కళ్ళు పోతాయి."

"మరి శనివారాలు?" మావయ్య ప్రతి శనివారం ఒక్కపొద్దుండేవాడు. మధ్యాహ్నం ఒక్క పూటే అన్నం.

"శనివారం రాత్రి నేనసలు ఏం తినను కదే."

"ఏం తినవూ?"

"పలహారం. రెండు పెసరట్లు, కాస్త ఉప్మా. అన్నం ముట్టుకోను," అన్నాడు, నా తెలివితేటల మీద జాలిపడుతూ.

నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన దాచలేదు, మోసం చెయ్యలేదు. మా ఇంటికొచ్చి, అమ్మకి తోడున్న అత్తయ్యకి చెబితే ఆవిడా అదే అంది: "ప్రసాదాలు కూడా రాయాలా ఏంటే? చోద్యం కాకపోతే." నేను కెమిస్ట్రీ చెప్పేదాన్నే, వ్రతం ప్రసాదం దోసిలి నిండా తింటూ అందులో ఎంత నెయ్యుందో ఏనాడూ అనుకోలేదు. మా అందరి లెక్కలోనూ విస్తరి ముందు కూర్చుని తింటేనే తిండి. మిగిలినదంతా రుచి, ప్రసాదం, పలహారం, మొహమాటం.

మంచం మీద నుంచి అమ్మ అంతా వింది. మెల్లగా లేచి కూర్చుంది. "అన్నయ్యా, ఇంక చాలు," అంది. "నా కోసం నువ్వు ఇంత కడుపు మాడ్చుకోవద్దు. వదినకి కూడా భయంగానే ఉంది, ఆవిడ పైకి అనదు. నా రాతెలా ఉంటే అలా అవుతుంది. వదిలెయ్."

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. "భయం లేదని ఎలా చెప్పను వదినా," అంది. "కానీ ఈయన పెడతానన్నాక వద్దనిపించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? హాస్పిటల్ వాళ్ళ ఒప్పుదల కాగితం మీద నేను ఎప్పుడో సంతకం పెట్టేశాను."

మావయ్య వచ్చి, అమ్మ మంచం పక్కన నేల మీద, ఒక చెయ్యి మోకాలి మీద మోపి కష్టంగా కూలబడ్డాడు.

"నిలబడి తిన్నది నాకు తిండిగా కనపడ్డం లేదు, అదీ జబ్బు," అన్నాడు. "అయితే ఇక నిలబడి తినను. ఏది నోట్లో వేసుకున్నా కూర్చునే వేసుకుంటా. కూర్చుంటే తిన్నట్టే. తింటే అల్లుడికి చెప్పాల్సిందే. సరేనా చెల్లీ?"

ఆ తర్వాతి రెండు నెలలు మావయ్యని చూసినవాళ్ళు మర్చిపోలేరు. కొట్లో ఎవరో మిఠాయి డబ్బా తెస్తే, చీరల మూటల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్క ముక్క తిని, రాసి, లేచేవాడు. పెళ్ళిళ్ళలో వంటమేస్త్రీ పులిహోర చేతిలో పెట్టబోతే, "ఆగు నాయనా" అని బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చునేవాడు. కొండ మీద గుడిలో ప్రసాదం చేతిలో పడగానే మెట్ల పక్కన చతికిలబడ్డాడు. అంత భారీ మనిషి ఉన్నట్టుండి కూలబడేసరికి వెనకవాళ్ళు కంగారుపడి నీళ్ళ సీసాలు తీశారు. "ఏమైందండీ? కళ్ళు తిరిగాయా?" "అబ్బే, ఏం లేదండీ. పులిహోర తింటున్నా," అన్నాడు.

కూర్చోవడం సుఖమే, లేవడంతోనే వచ్చేది బాధ. ఆ మోకాళ్ళతో లేవడం ఆయనకి పెద్ద కార్యక్రమం. గారె కనిపించినప్పుడల్లా ముందు నేల వంక చూసేవాడు, తర్వాత గారె వంక, మళ్ళీ నేల వంక. సగం సార్లు "ఎందుకులే" అనేవాడు. శనివారం రాత్రి పలహారం మొదటిసారి రాసేముందు దేవుడి గూటి ముందు నిలబడి, "స్వామీ, నీ లెక్క నీది, అల్లుడి లెక్క అల్లుడిది. మనసులో ఏం పెట్టుకోకు" అని చెప్పుకున్నాడు. తను తిననివన్నీ మాకు వడ్డించాడు మరి. ఆ రెండు నెలల్లో నేనూ నాన్నా చక్కగా ఒళ్ళు చేశాం.

హాస్పిటల్లో ఆఖరిసారి కాటా ఎక్కినప్పుడు చెప్పులు విప్పాడు, వాచీ తీశాడు, ఉంగరం తీసి అత్తయ్యకిచ్చాడు, కళ్ళజోడు నాకిచ్చాడు. అంకె ఆయనకి కనపడలేదు. "ఎంతే?" అని అడిగాడు. డైట్ సలహాలిచ్చే అమ్మాయి చదివింది, ఎనభై తొమ్మిదీ చిల్లర అని. మావయ్య కాటా దిగకుండా అక్కడే నిలబడి, "దిగితే మళ్ళీ పెరుగుతుందేమో, ముందు రాసుకోమ్మా" అన్నాడు.

ఆపరేషన్ రోజు ఇద్దరినీ పక్కపక్క గదుల్లోకి తీసుకెళ్ళారు. కిడ్నీ పట్టుకుందో లేదో తెలియాలంటే అమ్మకి మూత్రం రావాలన్నారు. నేనూ నాన్నా అత్తయ్యా ఒక ప్లాస్టిక్ సంచి గురించిన కబురు కోసం దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ కూర్చున్నాం. మావయ్యకి మెలకువ రాగానే నర్సుని అడిగిన మొదటి మాట, "మా చెల్లికి వచ్చిందా?" వచ్చింది. ధారగా వచ్చింది. ఆ మాట ఆయనకి చెప్పింది నేనే, నా జన్మలో అంత శుభవార్త ఇంకొకటి మోసుకెళ్ళి ఉండను. మావయ్య కళ్ళు మూసుకుని, "అమ్మయ్య" అని, మళ్ళీ నిద్రపోయాడు.

ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో అమ్మ కాశీ చూసింది, నా పెళ్ళి చేసింది, నా కూతురికి నీళ్ళు పోసింది. మావయ్య తగ్గినదాంట్లో కొంత మళ్ళీ పెంచుకున్నాడు. "చెల్లి వాటా చెల్లికిచ్చేశా, ఇది నా సొంతం" అనేవాడు. కూర్చుని తినడం మాత్రం మానలేదు.

పోయినేడు వానాకాలంలో ఒక పొద్దున ఆయన నిద్రలోంచి లేవలేదు. గుండె. కిడ్నీ ఇచ్చినదానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు, నేను రెండుసార్లు అడిగాను కాబట్టి. అమ్మ మాత్రం నమ్మలేదు. అన్నం మానేసింది. ఆ కిడ్నీ నిలబడాలంటే పూటపూటకీ మింగాల్సిన మాత్రలు పక్కకి నెట్టేసింది. నేనూ నాన్నా బతిమాలి ఓడిపోయాం. మూడో రోజున, ఇంకా కర్మలు కూడా కాకుండానే, అత్తయ్య వచ్చింది. మాత్రలు ఒక చేత్తో, గ్లాసు ఒక చేత్తో పట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఆయన అంతా పోయాడని ఎవరన్నారు నీకు?" అంది. "నాకున్నది ఇంక ఇదే. దీన్ని కూడా చంపుతావా? నోరు తెరు."

అమ్మ నోరు తెరిచింది.

ఈ శుక్రవారం అమ్మని చెకప్‌కి తీసుకెళ్ళాను. మా పాత డాక్టరు రిటైరయ్యాడు. కొత్తతను చాలా చిన్నవాడు. రిపోర్టులు తిరగేస్తూ, ఫైల్లో పాత వివరాలు చూసి, "మీ అన్నయ్యగారే కదమ్మా డోనర్? ఇప్పుడెలా ఉన్నారు ఆయన?" అని అడిగాడు. నేను చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి నొక్కింది. పైట సర్దుకుని, పొత్తికడుపుకి కుడివైపున, మావయ్య కిడ్నీ పెట్టినచోట, అరచెయ్యి ఆనించుకుంది.

"బాగానే ఉన్నాడండీ," అంది. "రిపోర్టు మీ చేతిలోనే ఉందిగా, చూడండి."